పంటి మీద కాపురం

పళ్ళ ఆసుపత్రి వెనక భవనంలో, రెండో అంతస్తులో, రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే ప్రయోగశాల ఒకటుంది. అందులో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్‌ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చేరిన కొత్తలో గాజుసామాను కడిగేవాడు. కడుగుతూ, పక్కన జరిగేది ఓరకంట చూస్తూ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు బ్యాక్టీరియాని పెంచడానికి వాడే వేడి అగార్ జావని ఒక్క బుడగ రాకుండా ప్లేట్లలో పోయాలంటే ఆ భవనంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఇంతకీ ఆ గదిలో చేసే పనేమిటంటే, మనుషుల పళ్ళ మీది పాచిని గీకి తెచ్చి, అందులో ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూడడం. పొద్దున్నే మనం తోమి ఉమ్మేసే పాచి ఉత్త మురికి కాదు. అదొక ఊరు. వందల రకాల బ్యాక్టీరియా జిగురుతో గోడలు కట్టుకుని, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని, పక్కవాడి చోటు ఎప్పుడు కాజేద్దామా అని చూస్తూ బతుకుతుంటాయి. ఒకడు తీపి తిని పులుపు కక్కి పక్కవాళ్ళని తరుముతాడు. ఇంకొకడు తన చుట్టూ మందు చిమ్మి ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. ఆ తగువులో ఎవరు గెలిచారన్న దాన్ని బట్టే మన పన్ను ఉండడమో ఊడడమో.

ఈ విషయాలన్నీ కంఠతా వచ్చిన బాబాయ్ నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. చిన్నప్పుడే పుప్పి పట్టింది. నలభై దాటేసరికి సగం పోయాయి. రెండేళ్ళ క్రితం మిగిలినవీ పీకించుకుని, పైనా కిందా కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. ఆయన భార్యకి మాత్రం ముప్పై రెండుకి ముప్పై రెండూ ఉన్నాయి. ఆవిడ ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫాములు కుడుతుంది. ఎదురుగా కత్తెర ఉన్నా సరే, దారం పంటితోనే తెంపుతుంది.

పదకొండేళ్ళ క్రితం ఈ సంగతి ఆ గదికి అధిపతి అయిన పెద్దసారు చెవిన పడింది. ఆయన ఆవిణ్ణి పిలిపించి, కుర్చీలో కూచోబెట్టి, నాలుగు పళ్ళ మీద పాచి గీకించాడు. అందులో ఒక రకం బ్యాక్టీరియా దొరికింది. చూడ్డానికి అన్నిట్లాంటిదే. కానీ పళ్ళు పుచ్చేలా చేసే బ్యాక్టీరియాని పక్కన పెడితే మాత్రం దాన్ని అంగుళం కదలనివ్వలేదు. పెద్దసారు దాన్ని ఒక గొట్టంలో దాచి, పైన ఏదో అంకె రాశాడు గానీ గదిలో అందరూ దాన్ని 'ఆవిడ' అనే పిలిచేవాళ్ళు. పళ్ళు పుచ్చించేవాడికి పుప్పిరాయుడని పేరు పెట్టింది బాబాయే.

ఆ తగువు చూసే పద్ధతి తేలికైనది. మామూలు ప్లేటు మీద మొదటిరోజు ఆవిడది ఒక చుక్క పెడతారు. మర్నాడు పక్కనే పుప్పిరాయుడిది ఒక చుక్క. మూడోరోజు చూస్తే పుప్పిరాయుడి గుండ్రంలో ఆవిడ వైపు ఉన్న అంచు ఎవరో కొరికేసినట్టు ఉంటుంది. అక్కడ వాడు మొలవలేదన్నమాట.

"ఆవిడ చిమ్మేది మనం దెబ్బ మీద పోసుకునే పెరాక్సైడే బాబాయ్" అని చెప్పాడు పెద్దసారు. "కాకపోతే ముందు చేరినవాళ్ళదే చోటు. పుప్పిరాయుణ్ణి ముందు దింపామనుకో, ఆవిడ ఎంత గింజుకున్నా లాభం లేదు. నీ నోట్లో జరిగిందదే. నీ చిన్నప్పుడే వాడు పాతుకుపోయాడు. పెళ్ళయ్యాక ఆవిడ వచ్చినా ఉండడానికి చోటేదీ?"

బాబాయ్ ఇంటికెళ్ళి ఈ మాట నవ్వుతూ భార్యకి చెప్పాడు. ఆవిడ కూడా నవ్వింది. "అంటే నేను మీ గడప దాటి లోపలికొచ్చాను గానీ మీ నోటి గడప దాటలేదన్నమాట" అంది. అది మొదలు ఆయనకి ఒక్కో పన్ను ఊడినప్పుడల్లా ఆ మాట మళ్ళీ అనేది. నవ్వుతూనే అనేది గానీ, చివర్లో నవ్వు కొంచెం తగ్గేది. బాబాయ్‌కి అది తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలిసేది కాదు.

పోయినేడాది భార్యకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. నాలుగు నెలలు మందులు మింగి, కడ్డీలా చిక్కి, ఎలాగో గట్టెక్కింది. కోలుకున్నాక బాబాయ్ ఎందుకో మనసాగక ఆవిడ పళ్ళ మీద పాచి మళ్ళీ గీకి పెంచి చూశాడు. నాలుగుసార్లు చూశాడు. ఆ రకం లేదు. రోగాన్ని చంపిన మందులు దాన్నీ తుడిచిపెట్టాయి. ఇక మిగిలింది డీప్ ఫ్రీజర్‌లో, మూడో అరలో, చిటికెనవేలంత గొట్టం ఒక్కటే. భార్య మంచం మీద ఉన్న ఆ నాలుగు నెలలూ బాబాయ్ పొద్దున్నే వచ్చి ముందు ఫ్రీజర్ తలుపు తీసి ఆ గొట్టం ఉందో లేదో చూసుకునేవాడు. అది ఉంటే ఇంట్లో ఆవిడా ఉంటుందని ఆయనకో పిచ్చి నమ్మకం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, ఏడుపొస్తుందని.

ఇప్పుడాయన రిటైర్మెంటుకి ఇంకా పన్నెండు రోజులుంది. పెద్దసారు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలోకి కొత్త మేడం వచ్చి రెండు నెలలయింది. ముప్పై ఐదేళ్ళ పిల్ల. మర్యాద తెలిసిన మనిషే గానీ, పని రాక్షసి. ఆమె బ్యాక్టీరియాని పెంచదు, చదువుతుంది. వాటి లోపలి జన్యువుల రాతని యంత్రంతో తీయించి, కంప్యూటర్లో వరసలు వరసలుగా చూస్తుంది. ప్లేట్ల జోలికి వెళ్ళి పదేళ్ళయిందని ఆమే ఒప్పుకుంది.

సోమవారం పొద్దున్న ఆమె చేతిలో జాబితాతో వచ్చింది.

"బాబాయ్ గారూ, ఫ్రీజర్ నిండిపోయింది. వచ్చేవారం కొత్త నమూనాలొస్తున్నాయి. మూడో అరలో పాతవన్నీ తీసేద్దాం. వాటి గురించి రాతపూర్వకంగా ఏమీ లేదు."

బాబాయ్ ఫ్రీజర్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "అన్నీ తీసెయ్యండి మేడం, ఒక్కటి ఉంచండి" అన్నాడు.

"ఏది?"

"మా ఆవిడ."

మేడం అయోమయంగా చూసింది. బాబాయ్ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు, రోజూ ఫ్రీజర్ తలుపు తీసి చూసుకోవడం ఒక్కటి మినహాయించి. ఆమె మధ్యలో అడ్డు రాకుండా వింది.

"సరే. అది నిజంగా పుప్పి బ్యాక్టీరియాని ఆపుతుందని చూపించండి, ఉంచుదాం" అంది. "ఊరికే అభిమానం కొద్దీ ఉంచితే రేపు ఇంకొకరు ఇంకొకటి ఉంచమంటారు. ఎన్ని రోజులు పడుతుంది?"

"మూడు రోజులు."

"గురువారం చూస్తాను. అన్నట్టు, మీ కట్టుడు పళ్ళు ఒకసారి తీసిస్తారా? ఓడిపోయిన నోరు ఎలా ఉంటుందో ఒక నమూనా కావాలి నాకు. కంప్యూటర్లో చూస్తాను."

బాబాయ్ సిగ్గుపడుతూ పళ్ళు తీసిచ్చాడు. మేడం వాటి మీద దూదిపుల్ల తిప్పి, గొట్టంలో వేసుకుని, పళ్ళు మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. "కొంచెం బాగా తోముకోండి" అని మాత్రం అంది.

"ఇంట్లోనూ అదే గోల మేడం" అన్నాడు బాబాయ్.

ఆ మధ్యాహ్నం ఆయన పనిలో దిగాడు. ఇది మామూలు పరీక్ష కాదు కదా, తాడో పేడో తేలిపోయేది. గొట్టంలోంచి సూదిమొనంత మంచుగడ్డ గీకి తీసి పెంచాడు. ప్లేట్లు పోసే వంతు వచ్చినప్పుడు ఆయనకో ఆలోచన తట్టింది. మామూలు ప్లేటంటే ఉత్త గంజి లాంటిది. ఇన్నేళ్ళు మంచులో పడుకుని లేచిన ప్రాణి. అంత పెద్ద తగువుకి పంపుతూ గంజి పోసి పంపుతామా? ఆ గదిలో బలహీనమైన బ్యాక్టీరియాని నిలబెట్టడానికి గొర్రెరక్తం కలిపిన ఎర్రటి ప్లేట్లు వాడడం అలవాటే. ఆవిడని ఏటా ఒకసారి బయటికి తీసి పెంచినప్పుడు బాబాయ్ పెట్టేది కూడా అదే. దాని మీద ఆవిడ చుట్టూ లేత ఆకుపచ్చ రంగు కమ్ముకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నట్టు గుర్తని మురిసిపోయేవాడు. ఆయన అగార్‌లో రక్తం ఇంకో రెండు చుక్కలు ఎక్కువే కలిపి, ఎర్రగా నిగనిగలాడే ప్లేట్లు పోశాడు. పెళ్ళికూతురికి విస్తరి వేసినంత శ్రద్ధగా పోశాడు.

మంగళవారం ఆవిడ చుక్క. బుధవారం పుప్పిరాయుడి చుక్క. గురువారం పొద్దున్న ఆయన మూత తీసి చూసి అలాగే నిలబడిపోయాడు.

పుప్పిరాయుడు నిండు చందమామలా గుండ్రంగా మొలిచాడు. కొరుకు లేదు, నొక్కు లేదు. ఆవిడ పక్కన పచ్చరంగు కప్పుకుని ఊరికే కూచుంది. నాలుగు ప్లేట్లలోనూ అంతే.

మేడం వచ్చి ఒక్కో ప్లేటూ వెలుతురుకి ఎత్తి చూసింది. ఆమె మొహంలో వెటకారం లేదు. అదే బాబాయ్‌కి ఇంకా కష్టంగా అనిపించింది.

"పదకొండేళ్ళు ఫ్రీజర్‌లో ఉంది కదా బాబాయ్ గారూ. కొన్ని అలాగే శక్తి పోగొట్టుకుంటాయి. మీ తప్పేమీ లేదు" అంది. "సోమవారం దాకా తీయించను. ఈలోపు మీకు ఏమైనా తడితే చూడండి."

ఆ సాయంత్రం ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. భార్య మిషను మీద నీలం లాగూ కుడుతోంది. ఆయన చెప్పులు విప్పే తీరు చూసే ఏదో జరిగిందని పసిగట్టింది. కానీ అడగలేదు. అడగకపోతేనే ఈయన చెబుతాడని ఆవిడకి ముప్పై ఏళ్ళ అనుభవం.

ఆయన కుర్చీ లాక్కుని చెప్పాడు. ఆవిడ కుడుతూనే వింది.

"పోనిద్దురూ" అంది చివరికి. "నా నోట్లోంచే పోయినదాన్ని మీరు ఎన్నాళ్ళని దాస్తారు? నేనున్నాను కదా."

"నువ్వుండడం వేరే."

"ఏం వేరే?"

"నువ్వు మంచం మీద ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే దాన్ని చూసుకునేవాణ్ణి. నువ్వు బతుకుతావని అదే చెప్పేది" అన్నాడు బాబాయ్. ఆ మాట అంటానని ఆయనే అనుకోలేదు.

భార్య తల తిప్పి ఆయన వంక చూసింది. కాలు మాత్రం పెడలు మీదే ఉండిపోయింది. మిషను సూది టక్కున వెళ్ళి చూపుడువేలి చివర దిగింది.

"అబ్బా" అంది ఆవిడ, వేలు నోట్లో పెట్టుకోబోతూ.

"నోట్లో పెట్టకు, నోట్లో పెట్టకు" అంటూ బాబాయ్ అలమరలోంచి పెరాక్సైడ్ సీసా తెచ్చాడు. వేలు పట్టుకుని, కింద పాత గుడ్డ పెట్టి, బొట్టుగా ఉబికిన రక్తం మీద మందు పోశాడు. బుస్సున పొంగింది. తెల్లటి నురగ వేలంతా కమ్మింది.

"మండుతోందా?"

"మండట్లేదు. మందంతా నురగైపోయింది, ఇంక మండడానికేం మిగిలింది?" అంది ఆవిడ. "రక్తం తగిలితే చాలు, ఈ మందు పని అయిపోయినట్టే. రక్తం లేనిచోట పోస్తే ఏమీ అవదు చూడండి, ఉత్త నీళ్ళలా ఉంటుంది." అని అరచేతి మీదికి జారిన మందు చూపించింది. నిజమే, అక్కడ బుడగ కూడా లేదు.

బాబాయ్ ఆవిడ వేలు వదల్లేదు. నురగ చల్లారిపోతున్న కొద్దీ ఆయన కళ్ళు పెద్దవవుతున్నాయి. గొట్టంలోని ఆవిడ చిమ్మేది ఇదే మందు. పెద్దసారు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. తను ఎర్రటి ప్లేటు పోశాడు. ఆవిడ చిమ్మింది చిమ్మినట్టే రక్తంలో కలిసి విరిగిపోయింది. పుప్పిరాయుడి దాకా బొట్టు కూడా చేరలేదు.

"నేనే" అన్నాడు. "నేనే నీ చేతులు కట్టేశాను."

"నా చేతులు మీరు పట్టుకునే ఉన్నారు. ముందు గుడ్డ కట్టండి" అంది భార్య.

శుక్రవారం ఆయన అందరికంటే ముందొచ్చి, రక్తం సీసా ఉన్న ఫ్రిజ్ వంక కూడా చూడకుండా మామూలు ప్లేట్లు పోశాడు. మేడం రాగానే వేలి సంగతంతా చెప్పాడు. ఆమె నోరు తెరుచుకుని విని, నుదుటి మీద కొట్టుకుంది.

"రక్తంలో పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే పదార్థం ఉంటుందని మొదటి ఏడాదిలోనే చదువుకున్నాను. ఆ పచ్చరంగు కూడా అదే. ఆ మందు రక్తం మీద ఖర్చయిపోతుంటే వచ్చే రంగు. ఎర్ర ప్లేటు చేత్తో పట్టుకుని చూశాను గానీ బుర్రకెక్కలేదు చూడండి. సిగ్గుచేటు నాకు."

"నేను అన్నం ఎక్కువ పెట్టి చెడగొట్టాను మేడం. మీరేం చేస్తారు" అన్నాడు బాబాయ్.

శుక్రవారం ఆవిడ, శనివారం పుప్పిరాయుడు. ఆదివారం సెలవైనా ఇద్దరూ వచ్చారు. మూత తీసింది మేడమే. పుప్పిరాయుడికి ఒక పక్క కొరుకు పడింది. గోరుతో గీసినట్టు స్పష్టంగా, నాలుగు ప్లేట్లలోనూ. బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. కట్టుడు పళ్ళు జారిపోకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మూడో అరలో కాదు, మొదటి అరలో పెట్టండి" అంది మేడం. "దీని జన్యువుల రాత కూడా చదివిస్తాను. పేరేం రాయమంటారు?"

"ఆవిడ అనే రాయండి. తను కూడా దానికే అలవాటు పడింది."

ఆయన ఆఖరిరోజు రానే వచ్చింది. గదిలో కేకు కోశారు. ఎవరో రెండు ముక్కలు మాట్లాడారు. బాబాయ్ తన బెంచీ ఖాళీ చేసి, తన కొలతగ్లాసు కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుంటుంటే మేడం తన గదిలోకి పిలిచింది. కంప్యూటర్లో రెండు పొడుగాటి వరసలు పక్కపక్కన ఉన్నాయి.

"ఇది మీ ఆవిడ గొట్టంలోది. ఇది ఇంకొక మనిషి నోట్లోది. ఎక్కడా తేడా లేదు. ఒకటే" అంది.

"ఎవరి నోట్లోది మేడం?"

"మీ నోట్లోది. ఆ రోజు మీ కట్టుడు పళ్ళ మీద దూదిపుల్ల తిప్పాను కదా. నేను ఓడిపోయిన నోరనుకున్నాను. అక్కడ పుప్పి బ్యాక్టీరియా జాడ దాదాపు లేదు. ఉన్నదంతా ఈవిడే. నాకే నమ్మబుద్ధి కాక రెండుసార్లు చదివించాను."

బాబాయ్ వంగి రెండు వరసలూ మళ్ళీ చూశాడు.

"రెండేళ్ళ క్రితం మీకున్న పళ్ళన్నీ పోయాయి. వాటితోపాటే పుప్పిరాయుడికి పట్టు కూడా పోయింది. ఆ తర్వాత కొత్త పళ్ళు పెట్టుకున్నారు. ఎవరూ అడుగుపెట్టని చోటు కదా. అప్పటికి మీ ఇంట్లో ఆవిడ నోట్లో ఇది ఉంది. జబ్బు చేసింది ఆ తర్వాతే." మేడం మొహం పక్కకి తిప్పుకుంది. "ఎలా వచ్చిందని అడగను లెండి."

"ఒకే గ్లాసులో తాగుతాం మేడం" అన్నాడు బాబాయ్ గబగబా. చెవులు ఎర్రబడ్డాయి.

"అలాగే అనుకుందాం. ముందు చేరినవాళ్ళదే చోటు అని మీ పెద్దసారు అన్నారుగా. ఈసారి ముందు చేరింది ఆవిడ." ఆమె కూడా నవ్వేసింది. "అయినా సరే, పళ్ళు మాత్రం బాగా తోముకోండి."

ఆ సాయంత్రం బాబాయ్ పూలగుత్తీ, శాలువా కుర్చీలో పడేసి భార్య మిషను దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. దారిపొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని కూడబలుక్కుంటూ వచ్చాడు. నోరు తెరిచేసరికి అన్నీ ఒకేసారి వచ్చేశాయి. కొత్త పళ్ళు, ఖాళీ చోటు, రెండు వరసలు, ఒకే గ్లాసు.

భార్య మిషను ఆపింది. వేలికి కట్టు ఇంకా ఉంది. దాన్ని బొటనవేలితో నిమురుతూ కూచుంది.

"నేను చచ్చి బతికొస్తుంటే నాలో పోయింది మీ దగ్గర ఉందా?" అంది చివరికి.

"ఉంది. నాకే తెలీదు. ఊరికే ఫ్రీజర్ చుట్టూ తిరిగాను."

"ముప్పై మూడేళ్ళయింది" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఉన్న పళ్ళన్నీ ఊడగొట్టుకుంటే గానీ నాకు చోటివ్వలేదు మీరు."

"ఇచ్చానా లేదా?"

ఆవిడ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన సగం తాగాడు. మిగిలిన సగం ఆవిడ చెయ్యి చాచి తీసుకుని, ఆయన పెదవి తగిలిన వైపే తిప్పుకుని తాగేసింది.